మెడ నిలవని బిడ్డకి ‘చూద్దాం’ అంటే చాలదు

“కొందరు పిల్లలు కాస్త లేటుగా ఎదుగుతారమ్మా, కంగారు పడకు.” మన ఇళ్ళలో ఈ మాట వినని తల్లి ఉండదు. అత్తగారు అంటుంది, పక్కింటి పిన్నిగారు అంటుంది, చాలాసార్లు డాక్టరుగారూ అంటారు. మాట అబద్ధం కాదు. ఎక్కువమంది పిల్లల విషయంలో అది నిజమే అవుతుంది. ఆ ధైర్యంతోనే, నిజం కాని కొద్దిమంది దగ్గర కూడా అదే మాట చెప్పి పంపేస్తున్నాం. ఆ కొద్దిమంది గురించే రాస్తున్నాను.

నేను పిల్లలకి ఫిజియోథెరపీ చేస్తాను. గోదావరి జిల్లాల్లో ఒక మోస్తరు పట్టణం మాది. ఒళ్ళు మెత్తగా ఉండి, మెడ నిలపని, బోర్లా పడని పిల్లలు నా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఏడాది దాటిపోతుంది. చీటీ మీద ‘ఎదుగుదల ఆలస్యం, ఫిజియోథెరపీ’ అని మాత్రమే ఉంటుంది. ఎందుకు ఆలస్యం? తేడా మెదడులో ఉందా, వెన్నుపాములోనా, నరంలోనా, కండరంలోనా? ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు కనిపించదు. ఒళ్ళు మెత్తగా ఉండటం ఒక జబ్బు పేరు కాదు, లోపల ఎక్కడో ఉన్న తేడాకి ఆనవాలు. ఆ తేడా ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టకుండా ‘చూద్దాం’ అనకూడదు. ఒకవేళ అన్నా, ఏం చూస్తామో, ఏ తేదీ దాకా చూస్తామో చెప్పి అనాలి.

దీన్ని అందరికంటే ముందు పట్టుకునేది చాలాసార్లు బిడ్డకి నీళ్ళు పోసే మనిషే. కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మ, మామ్మ, లేదా ఆ పని మీద ఇంటింటికీ వచ్చే పెద్దావిడ. ఎంతోమంది పసిపిల్లలు ఆ చేతుల మీదుగా వెళ్ళి ఉంటారు. మామూలు బిడ్డ కాలు పట్టి సాగదీస్తే వెనక్కి లాక్కుంటుంది. చంకల కింద చేతులేసి ఎత్తితే భుజాలు బిగిస్తుంది. బిగువు లేని బిడ్డ ఆ చేతుల్లోంచి జారిపోతుంది. “వీడేంటే, తోటకూర కాడలా వేలాడిపోతున్నాడు” అని ఆవిడ అంటుంది. ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు, లేదా పెద్దావిడకి చాదస్తం అనుకుంటారు.

నిజానికి డాక్టర్లు చేసే పరీక్ష ఆవిడ చేసినదానికి ఎంతో దూరంలో లేదు. వెల్లకిలా ఉన్న బిడ్డ చేతులు పట్టుకుని మెల్లగా కూర్చోబెడితే తల వెనక్కి వాలిపోతుందా? పొట్ట కింద అరచెయ్యి పెట్టి బోర్లా ఎత్తితే తల, కాళ్ళు రెండు వైపులా కిందికి వేలాడిపోతాయా? చేతిని ఛాతీ మీదుగా అవతలి భుజం వైపు లాగితే మోచెయ్యి ఛాతీ నడిమి గీత దాటి సులువుగా వెళ్ళిపోతుందా? పడుకోబెడితే తొడలు రెండూ పక్కలకి తెరుచుకుని పరుపుకి ఆనుకుపోతాయా? దీనికి యంత్రం అక్కర్లేదు, రెండు మూడు నిమిషాలు చాలు. బిడ్డని పడుకోబెట్టి బట్టలు విప్పి చూడాలి, అంతే. తల్లి ఒళ్ళో టోపీ, స్వెట్టరు వేసుకుని ఉన్న బిడ్డని బల్ల అవతలి నుంచి చూసి ‘బాగానే ఉన్నాడు’ అంటే ఆ మాటకి విలువ లేదు.

ఇక్కడ ఒక విషయం సరిగ్గా అర్థం కావాలి. బిగువు వేరు, బలం వేరు. ఊరికే ఉన్నప్పుడు కూడా మన కండరాలు పూర్తిగా వదులైపోవు. కండరం కాస్త సాగిందంటే దాని లోపలి సన్నని తంతువులు వెన్నుపాముకి కబురు పంపుతాయి. వెన్నుపాము వెంటనే ‘బిగించు’ అని తిప్పి చెబుతుంది. ఆ బిగింపు ఎంత ఉండాలో పైనుంచి మెదడు, చిన్నమెదడు నిరంతరం సర్దుతూ ఉంటాయి. ఇది బిగువు. బిడ్డ తనంతట తాను కాలు గాల్లోకి ఎత్తడం, గట్టిగా ఏడవడం, రొమ్ము పట్టి పాలు లాగడం బలం. కొందరు పిల్లల్లో బిగువు తక్కువ, బలం ఉంటుంది. కొందరిలో రెండూ ఉండవు. మొదటి రకంలో చూపు ముందుగా మెదడు వైపు వెళ్ళాలి. రెండో రకంలో వెన్నుపాము దగ్గర నుంచి కిందికి, అంటే నాడీకణాలు, నరాలు, నరం కండరాన్ని తాకే చోటు, కండరం వైపు. మోకాలి మీద చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుందా లేదా అన్నది కూడా ఇదే చెబుతుంది. మెదడు వైపు తేడా ఉంటే కాలు ఎగురుతుంది, ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువే. కింద తేడా ఉంటే ఎగరకపోవచ్చు. ఈ గీత ప్రతి బిడ్డ దగ్గరా ఇంత శుభ్రంగా ఉండదు గానీ, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

ఎక్కువమంది మెత్తటి పిల్లల్లో కారణం మెదడు వైపే ఉంటుంది. పుట్టుక సమయంలో ఆక్సిజన్ అందకపోవడం, మెదడు నిర్మాణంలో లోపాలు, నెలలోపు వచ్చిన మెదడు ఇన్ఫెక్షన్లు, పచ్చకామెర్లు విపరీతంగా పెరిగి మెదడుని తాకడం, డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలు. ప్రాడర్-విల్లీ అని 15వ క్రోమోజోమ్‌కి సంబంధించినది ఒకటుంది. పుట్టినప్పుడు బిడ్డ పాలు లాగలేనంత మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది. కొన్నేళ్ళు గడిచాక అదే బిడ్డకి ఎంత తిన్నా తీరని ఆకలి మొదలవుతుంది. ముందే తెలిస్తే ఆ ఇంటివాళ్ళు తిండి విషయంలో మొదటి నుంచే జాగ్రత్త పడగలరు.

కానీ మన దగ్గర మెత్తటి బిడ్డ అనగానే అందరికీ తెలిసిన కారణం ఒక్కటే: “పుట్టగానే ఏడవలేదండి.” కేసు షీటు మీద ఆ ముక్క పడిందంటే ఇక వెతుకులాట ఆగిపోతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. కాన్పులో దెబ్బతిన్న బిడ్డలు నిజంగానే చాలామంది ఉన్నారు, కాదనను. అయితే కడుపులో ఉన్నప్పటి నుంచే కండరాలు బలహీనంగా ఉన్న బిడ్డ కూడా పుట్టగానే గట్టిగా ఏడవలేదు. ఆ బిడ్డ ఉమ్మనీరు సరిగ్గా మింగలేదు కాబట్టి, ఉమ్మనీరు ఎక్కువగా ఉందని ముందే స్కానింగ్‌లో రాసి ఉండొచ్చు. “పెద్దాడు కడుపులో తెగ తన్నేవాడు, వీడు ఉలకడు పలకడు” అని తల్లి ఏడో నెలలోనే అనుకుని ఉండొచ్చు. ఈ రెండూ అడగకుండా నెపం కాన్పు మీదికి నెట్టేస్తే, ఆ తల్లి రెండో కాన్పుకి ఏమీ తెలియకుండానే సిద్ధపడుతుంది.

పుట్టుకతో వచ్చే మయోటానిక్ డిస్ట్రఫీ అనే కండరాల జబ్బు దీనికి మంచి ఉదాహరణ. పుట్టుకతోనే బయటపడే ఈ రకం దాదాపు ఎప్పుడూ తల్లి వైపు నుంచే వస్తుంది, తనకి ఆ జబ్బు ఉందని తల్లికే తెలియకపోవచ్చు. తెలిసిన డాక్టరు బిడ్డని చూసి ఊరుకోరు, తల్లికి షేక్‌హ్యాండ్ ఇస్తారు. పిడికిలి బిగించి వెంటనే వదలమంటారు. ఆవిడ వేళ్ళు నెమ్మదిగా, కష్టపడి విడివడితే సగం సంగతి తెలిసిపోయినట్టే. రక్తపరీక్షలో నిర్ధారణ అయితే బిడ్డ గురించే కాదు, ఆ తల్లి గుండె గురించి, మత్తుమందు విషయంలో ఆవిడ తీసుకోవలసిన జాగ్రత్త గురించి కూడా తెలుస్తుంది. ఒక షేక్‌హ్యాండ్‌తో మొదలయ్యే ఈ దారిని ‘పుట్టగానే ఏడవలేదు’ అన్న ఒక్క ముక్క మూసేస్తుంది.

కాన్పులో మెదడు నిజంగానే దెబ్బతిన్న పిల్లల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మొదట్లో మెత్తగా ఉన్న బిడ్డ కొన్ని నెలలకి మెల్లగా బిగుసుకోవడం మొదలవుతుంది. గుప్పెళ్ళు విప్పదు. నిలబెడితే కాళ్ళు కర్రల్లా నిటారుగా పెట్టి, మునివేళ్ళ మీద నిలుస్తుంది, ఒక కాలు మీద ఒకటి అడ్డంగా పడుతుంది. “చూశారా, బలం వచ్చింది, నిలబడుతున్నాడు” అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ సంతోషం మీద నీళ్ళు చల్లడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. అది బలం కాదు, మెదడు దెబ్బతిని కదలికలు చెడే సెరిబ్రల్ పాల్సీలో వచ్చే బిగుతు. ఆ దశలో సరైన వ్యాయామం, సరైన పొజిషన్, అవసరమైతే కాళ్ళకి స్ప్లింట్లు ఇవ్వాలి. ‘నిలబడుతున్నాడుగా’ అని మానేస్తే కీళ్ళు పట్టేసుకుంటాయి, తుంటి ఎముక జారుతుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ మోసం చేసే బిడ్డ ఒకటుంది. కాళ్ళు కదలవు, మెడ నిలవదు, ఏడుపు సన్నగా ఉంటుంది. కానీ కళ్ళు మాత్రం చకచకా తిరుగుతుంటాయి. అమ్మని గుర్తుపడుతుంది, పలకరిస్తే ముఖమంతా నవ్వుతుంది. “ఎంత చురుగ్గా ఉన్నాడో చూడండి, వీడికేం రోగం” అంటారు అందరూ. కదలని ఒళ్ళు, చురుకైన కళ్ళు కలిసి కనిపిస్తే అది నిశ్చింత ఇచ్చే సంగతి కాదు, తొందరపెట్టే సంగతి. మెదడు బాగుందనీ తేడా కింద ఉందనీ ఆ కళ్ళే చెబుతున్నాయి. నాలుక మీద సన్నటి వణుకు, మోకాలి తట్టుకి స్పందన లేకపోవడం, గంట ఆకారంలో కిందికి వెడల్పైన ఛాతీ కూడా ఉంటే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్ఎమ్ఏ అని అనుమానించాలి.

ఈ జబ్బులో వెన్నుపాము ముందు భాగంలో ఉండే, కండరాలని కదిలించే నాడీకణాలు చచ్చిపోతాయి. 1890ల మొదట్లో ఆస్ట్రియాలో వెర్డ్‌నిగ్, జర్మనీలో హాఫ్‌మన్ దీన్ని వర్ణించారు. కారణమైన ఎస్ఎమ్ఎన్1 అనే జన్యువుని 1995లో పారిస్‌లో జూడిత్ మెల్కి బృందం కనిపెట్టింది. వందేళ్ళకి పైగా డాక్టర్లు పేరు చెప్పడం తప్ప పెద్దగా ఏమీ చేయలేకపోయారు. తీవ్రమైన మొదటి రకం వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది రెండేళ్ళ లోపే చనిపోయేవారు, లేదా శ్వాసయంత్రం మీద ఆధారపడేవారు. 2016 డిసెంబరులో అమెరికాలో మొదటి మందు, న్యూసినెర్సెన్, అనుమతి పొందింది. 2019లో జన్యుచికిత్స ఇంజెక్షన్ వచ్చింది, ఆ 16 కోట్ల ఇంజెక్షన్ కోసం మన హైదరాబాద్‌లో కూడా చందాలు పోగుచేసిన సంగతి పేపర్లలో చదివాం. 2020లో నోటితో తాగించే రిస్డిప్లామ్ వచ్చింది.

ఈ మందులన్నిటికీ ఒకటే షరతు. చచ్చిపోయిన నాడీకణాన్ని ఇవి తిరిగి బతికించలేవు, మిగిలినవాటినే కాపాడతాయి. జబ్బు లక్షణాలు మొదలవకముందే, ఆరు వారాల వయసు లోపల న్యూసినెర్సెన్ మొదలుపెట్టిన 25 మంది పిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. ఒక్కరూ చనిపోలేదు, అత్యధికులు సొంతంగా నడిచారు. అదే జబ్బు, అదే మందు ఆరు నెలలు ఆలస్యంగా అందిన బిడ్డకి ఆ నడక రావడం చాలా కష్టం. ‘ఇంకో మూడు నెలలు చూద్దాం’ అనే మాట ఈ బిడ్డ విషయంలో ఎంత ఖరీదైనదో ఇక విడమరచి చెప్పక్కర్లేదు.

“తెలిసినా మనం కొనగలమా?” అనే ప్రశ్న మొన్నమొన్నటి దాకా న్యాయమైనదే. రిస్డిప్లామ్ ఒక్క సీసా మన దేశంలో సుమారు ఆరు లక్షలు ఉండేది. హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఫార్మా దాని జెనెరిక్ తయారు చేస్తే, పేటెంటు ఉన్న రోష్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. 2025 మార్చిలో హైకోర్టు నాట్కోని ఆపడానికి ఒప్పుకోలేదు. అక్టోబరులో డివిజన్ బెంచ్ కూడా అదే చెప్పింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900 రూపాయలుగా ప్రకటించింది. మోతాదు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి పసిబిడ్డకి సీసా నెలకి పైగా వస్తుంది, 20 కిలోలు దాటిన పిల్లలకి 12 రోజుల్లో అయిపోతుంది. అంటే ముందే కనుక్కున్న బిడ్డకి మొదటి సంవత్సరాల ఖర్చు, కష్టపడితే ఒక మధ్యతరగతి ఇల్లు మోయగలిగినంతకి దిగింది. పేద ఇంటికి ఇదీ ఎక్కువే. కానీ రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు మోయలేనంత కాదు, మోయాలని నేను గట్టిగా అడుగుతున్నాను. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది. దానికి హైదరాబాద్‌లో డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. నిర్ధారణకి చేసే ఎమ్ఎల్‌పీఏ అనే రక్తపరీక్ష కొన్ని వేల రూపాయలతో అయిపోతుంది. జన్యుపరీక్ష అనగానే లక్షలని భయపడి ఆగిపోయేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇంతకంటే బాధపడాల్సింది, చవకగా పూర్తిగా సరిచేయగలిగిన కారణాలని వదిలేయడం. ఆరు నెలల దాకా బాగా నవ్విన, ఆడిన బిడ్డ తరవాత మెల్లగా మందగిస్తుంది. నవ్వు పోతుంది, కూర్చున్నది మళ్ళీ వాలిపోతుంది. బొద్దుగానే ఉంటుంది కానీ పాలిపోయి ఉంటుంది, జుట్టు పలచబడి రాగి రంగుకి తిరుగుతుంది, వేళ్ళ కణుపుల మీద చర్మం నల్లబడుతుంది. కొన్నాళ్ళకి చేతులు, తల వణకడం మొదలవుతుంది, నిద్రలో ఆ వణుకు ఆగిపోతుంది. ఇది ఎక్కువగా తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టని పిల్లల్లో, తల్లికి బి12 విటమిన్ బాగా తక్కువగా ఉన్న ఇళ్ళలో కనిపిస్తుంది. బి12 లేకపోతే నరాల మీది కొవ్వు పొర సరిగ్గా ఏర్పడదు. ఈ విటమిన్ పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. మామూలు రోజుల్లోనే చారన్నంతో సరిపెట్టుకునే తల్లికి, బాలింత పథ్యం పేరుతో పాలు, పెరుగు, గుడ్డు కూడా ఆపేస్తే ఉన్న కాస్తా తరిగిపోతుంది. ఇంజెక్షన్లు మొదలుపెడితే ముందు నవ్వు తిరిగొస్తుంది, తరవాత ఒళ్ళు నిలబడుతుంది. ఆలస్యమైతే ఒళ్ళు కోలుకున్నా బుద్ధి వికాసంలో లోటు మిగిలిపోవచ్చు. ఆ ఇంజెక్షన్ ఖరీదు ఒక సినిమా టికెట్టు పాటి ఉండదు.

పథ్యం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పాలిష్ పట్టిన బియ్యం తప్ప వేరే తిండి పెద్దగా లేని రోజుల్లో మన సర్కారు జిల్లాల్లో బెరిబెరి బాగా ఉండేది. తల్లికి బి1 తక్కువైతే పాలు తాగే బిడ్డకీ వస్తుంది. గొంతు బొంగురుపోతుంది, పాలు వదిలేస్తుంది, గుండె దెబ్బతింటుంది. గంటల్లో ప్రాణం పోవచ్చు, థయామిన్ ఇంజెక్షన్ ఇస్తే గంటల్లో తేరుకోవచ్చు కూడా. పాతకాలం జబ్బు అని దీన్ని పూర్తిగా మర్చిపోవడానికి వీల్లేదు. బాలింతకి పప్పు, ఆకుకూర, పాలు, పెరుగు, గుడ్డు పెట్టండి. పచ్చబొడ్డు ఆరదనీ, బిడ్డకి జలుబు చేస్తుందనీ అవి ఆపకండి.

థైరాయిడ్ గురించీ ఇదే గొడవ. మన దేశంలో సుమారు వెయ్యిమంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ హార్మోన్ సరిపడా ఉండదు. బిడ్డ మెత్తగా, నిద్రమత్తుగా ఉంటుంది, కామెర్లు ఎక్కువ రోజులు నిలుస్తాయి, మలబద్ధకం, బొడ్డు పొంగు, బొంగురు ఏడుపు ఉంటాయి. “బంగారు తల్లి, అసలు ఏడవదు” అని మురిసిపోతాం. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలైతే ఆ బిడ్డ మెదడు అందరిలాగే ఎదుగుతుంది. డిశ్చార్జి కాగితంలో టీఎస్‌హెచ్ పరీక్ష రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే అడిగి చేయించండి.

పేరు పెట్టి వదిలేయడం వల్ల ఏమవుతుందో వైద్యచరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1900లో బెర్లిన్ నరాల వైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ ఇలాంటి మెత్తటి పిల్లలని వర్ణించి, అదొక జబ్బుగా పేరు పెట్టారు. అర్ధశతాబ్దం పాటు మెత్తగా కనిపించిన ప్రతి బిడ్డకీ ఆ పేరే రాసేశారు. 1950ల్లో బ్రిటన్‌లో జాన్ వాల్టన్ ఆ పేరు పడిన పిల్లలు తరవాత ఏమయ్యారో వెతుక్కుంటూ వెళ్ళారు. అందులో చాలామందిది ఎస్ఎమ్ఏ అని తేలింది, ఇంకొందరివి వేరే వేరే జబ్బులు. కొందరు మాత్రం మెల్లగా, దానంతటదే పూర్తిగా కోలుకున్నారు. ఈ చివరివాళ్ళు ఈరోజూ ఉన్నారు. కీళ్ళు కాస్త వదులుగా ఉండి, ఆలస్యంగా నడిచి, తరవాత అందరితో సమానంగా పరిగెత్తే పిల్లలు నా దగ్గరికీ వస్తుంటారు. అయితే అది మిగతా కారణాలన్నీ వెతికి చూసి, లేవని తేలాక చివర్లో చెప్పాల్సిన మాట. మొదటి రోజే చెప్పాల్సినది కాదు.

నాతో వాదించే డాక్టర్లూ ఉన్నారు. ప్రతి మెత్తటి బిడ్డకీ ఎమ్మారైలు, జన్యుపరీక్షలు రాస్తే పేద తల్లిదండ్రులు అప్పులపాలవుతారనీ, అనవసరంగా టెన్షన్ పడతారనీ అంటారు. అప్పుల మాటకి నేను తల వంచుతాను. కానీ మొదటి మెట్టులో అంత ఖర్చు లేదు. బట్టలు విప్పి చూడటం, సుత్తితో తట్టడం, తల చుట్టుకొలత తీయడం, టీఎస్‌హెచ్, రక్తహీనత, బి12, కండరాల ఎంజైమ్ సీపీకే, ఇంతే. వీటితోనే దారి ఎటో చాలావరకు తెలుస్తుంది. పెద్ద పరీక్షలు ఎవరికి కావాలో అప్పుడు ఎంచుకోవచ్చు. టెన్షన్ సంగతంటారా, ఆ తల్లి ఇప్పటికే పడుతోంది. రాత్రిళ్ళు బిడ్డ మెడ కింద చెయ్యి పెట్టుకుని పడుకుంటోంది. ‘ఫోన్ చూస్తూ బిడ్డని పట్టించుకోలేదు, పాలు సరిగ్గా పట్టలేదు’ అనే మాటలు పడుతోంది. కారణం తెలియడం ఆ మాటలకి కూడా జవాబు.

వయసు లెక్కలు తెలిసి ఉండటం మంచిది. నాలుగో నెల నిండేసరికి మెడ నిలవాలి. మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లలని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల్లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు అందరూ 9 నెలలు దాటుతుండగా ఆసరా లేకుండా కూర్చున్నారు, 18 నెలల లోపు నడిచారు. నెల తక్కువ పిల్లలకి ఆ తగ్గిన వారాలు కలుపుకోవాలి. ఇవి బయటి గడువులు. వచ్చిన పని పోయినా, అంటే కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోయినా, గడువు లెక్కే లేదు, వెంటనే వెళ్ళాలి. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర అడగండి. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ళ దాకా ఇలాంటి తేడాలు చూడాలి, జిల్లా స్థాయిలో దానికి ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఉచితంగా చూస్తారు.

మేనరికాల గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళిళ్ళలో సుమారు నాలుగోవంతు రక్తసంబంధీకుల మధ్యే. అక్క కూతురిని, మేనమామ కొడుకుని చేసుకుంటే, ఇద్దరిలోనూ ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపభూయిష్ట జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. ఇలాంటి జబ్బుల్లో తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగోవంతు ప్రమాదం ఉంటుంది, అంతకుముందు ఆరోగ్యమైన బిడ్డ పుట్టినా సరే. ‘మాది మేనరికం కాదుగా’ అని ధీమాగా ఉండటానికీ లేదు. ఎస్ఎమ్ఏ లోపాన్ని మోసేవాళ్ళు సుమారు 50 మందిలో ఒకరు ఉంటారు, పైకి ఏమీ తెలియదు. అందుకే మొదటి బిడ్డకి జన్యునిర్ధారణ చేయించడం చాలా అవసరం, ఆ బిడ్డని దక్కించుకోలేకపోయినా సరే. అది చేతిలో ఉంటేనే తరవాతి కాన్పులో మూడో నెలలో పరీక్ష చేసి చెప్పగలరు. నిర్ణయం ఆ తల్లిదండ్రులది. తెలిసి నిర్ణయించుకునే అవకాశం వాళ్ళకి ఇవ్వడం మన పని.

ఈలోగా ఇంట్లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నూనె రాయండి, మంచిదే, తల్లి చెయ్యి తగలడమే ఆ బిడ్డకి హాయి. కానీ నూనె రాస్తే బిగువు రాదు. ముక్కులో, గొంతులో నూనె చుక్కలు మాత్రం వేయకండి. దగ్గలేని బిడ్డ ఊపిరితిత్తుల్లోకి ఆ నూనె పోతే న్యుమోనియా వస్తుంది. ఉగ్గుగిన్నెతో వెల్లకిలా పడుకోబెట్టి పాలు పోయడమూ అంతే, తల, భుజాలు పైకెత్తి పట్టుకుని నెమ్మదిగా పట్టాలి. చేతులు పట్టి పైకి లేపకండి, వదులు కీళ్ళు తప్పుతాయి. మెలకువగా ఉన్నప్పుడు ఎదురుగా మీరు కూర్చుని, ఛాతీ కింద చిన్న చీర మడత పెట్టి కాసేపు బోర్లా వేయండి, ఊపిరికి ఇబ్బంది లేని బిడ్డకైతేనే. పడుకోబెట్టినప్పుడు తొడలు పక్కలకి పడిపోకుండా రెండు వైపులా తువ్వాలు చుట్టలు పెట్టండి. వాకర్ కొనకండి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది, మామూలు పిల్లలకే అవి ప్రమాదం.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు బిడ్డ కదలికల వీడియో ఫోన్లో తీసుకుని వెళ్ళండి, ఏడుస్తున్న బిడ్డ అక్కడ ఏమీ చేయకపోవచ్చు. గర్భంలో తీసిన స్కానింగ్ కాగితాలు, డిశ్చార్జి కాగితం పట్టుకెళ్ళండి. రెండు వైపుల కుటుంబాల్లో పసితనంలో పోయిన పిల్లలు ఉంటే దాచకుండా చెప్పండి. ‘చూద్దాం’ అంటే, “ఏ తేదీకి రమ్మంటారు, అప్పటికి ఏం రాకపోతే ఏం చేస్తారు?” అని అడిగి చీటీ మీద రాయించుకోండి.

కొన్నిటికి ఆ తేదీ కూడా వద్దు. పాలు తాగుతూ ముఖం నీలంగా మారినా, ఏడుపు రోజురోజుకీ సన్నబడుతున్నా, ఊపిరి తీసినప్పుడు పొట్ట పైకి లేచి ఛాతీ లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే వెంటిలేటర్ ఉన్న పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.